మొదటి పోస్టింగ్ గుబులు: దిద్దాల్సింది పిల్లల్నా, వార్డునా?

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కొత్తగా పనికి కుదిరినవాడు, కాంట్రాక్టు కూలీ అయినా సరే, భద్రతా శిక్షణ పూర్తిచేసి గేటు పాసు తీసుకోనిదే లోపలికి అడుగుపెట్టలేడు. ఎక్కడ నడవాలి, ఎక్కడ నిలబడకూడదు, సైరన్ మోగితే ఎటు పోవాలి, అనుమానం వస్తే ఎవరిని పిలవాలి అన్నవి చెప్పాకే పనిలో పెడతారు. కంపెనీ ఇక్కడ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది 1921లో. కొత్తవాణ్ణి పనిలోకి ఎలా తీసుకోవాలో ఈ ఊరికి నూరేళ్లుగా తెలుసన్నమాట. ఆ తెలివి ఆసుపత్రి వార్డు దాకా వచ్చేసరికి ఎందుకో ఆవిరైపోతుంది. నర్సింగ్‌లోనో, ఎంబీబీఎస్‌లోనో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో చేరిన పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు మొదటి రోజు వార్డుకు వెళ్లేటప్పుడు వాళ్ల దగ్గర ఉండేవి ఇస్త్రీ చేసిన తెల్లకోటు, ఒక లాగ్‌బుక్, "అక్కడికెళ్లి సిస్టర్ చెప్పింది చెయ్యండి" అన్న ఒక్క ముక్క.

ఇది ఈ ఊరికే పరిమితమైన సంగతి కాదు. దేశంలో చాలాచోట్ల ఇదే తంతు. ఆ తొలి రోజుల భయం గురించి అరవై ఏళ్లకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఉపాయాలూ బోలెడు చెప్పారు. ధ్యానం, ప్రాణాయామం, సంగీతం, సువాసన నూనెలు, బొమ్మల మీద సాధన, సీనియర్ల తోడు, కౌన్సెలింగ్. వీటిలో ఏది పనికొస్తోంది, ఏది పేరుకే మిగిలింది అని చూడబోతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే పాఠకులకు సౌకర్యం. భయాన్ని పిల్లల బలహీనతగా చూసినంతకాలం ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా ఫలితం అంతంతమాత్రమే. ఆ భయంలో పెద్ద వాటా వార్డు తయారుచేసేదే. తగ్గించే శక్తి కూడా ఎక్కువగా దానికే ఉంది.

ముందు ఊరి సంగతి. బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్‌ను ఇక్కడ అందరూ టీఎంహెచ్ అంటారు. డిమ్నా రోడ్డులోని మహాత్మా గాంధీ మెమోరియల్ మెడికల్ కాలేజీ 1961 నాటిది. దాని ఆసుపత్రి ఎన్నో ఏళ్లు కాలేజీకి దూరంగా సాక్చీలో నడిచింది. 2020లో బారీడీలో మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ మొదలైంది. దాని విద్యార్థులు వైద్యం నేర్చుకునేది టీఎంహెచ్ వార్డుల్లో. వీటికితోడు నర్సింగ్, పారామెడికల్ కోర్సులు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తాతల కాలంలో కర్మాగారంలో పనికి వచ్చి కదమా, సోనారీ, బిష్టుపూర్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ చదువుల్లోకి వస్తున్నారు. తాత ఫర్నేసు దగ్గర, తండ్రి రోలింగ్ మిల్లులో, మనవరాలు వార్డులో. తాతకూ తండ్రికీ పని నేర్పిన పద్ధతి మనవరాలికి ఎందుకు అందడం లేదన్నదే నా ప్రశ్న.

ఈ వార్డులకు వచ్చే రోగులు ఒక్క ఊరి మనుషులు కారు. తూర్పు, పశ్చిమ సింగ్‌భూమ్‌ల నుంచి, సరాయికేలా నుంచి, పక్కనున్న బెంగాల్, ఒడిశా పల్లెల నుంచి వస్తారు. సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ అన్నీ ఒకే వరండాలో వినిపిస్తాయి. ఉక్కు ఊరు కాబట్టి కాలిన గాయాల కేసులకూ కొదవ లేదు. 1989 మార్చి 3న కంపెనీ వ్యవస్థాపక దినోత్సవంలో షామియానాకు నిప్పంటుకుని 60 మంది చనిపోయారు, 113 మంది గాయపడ్డారు. ఆనాటి సంగతి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 2025 మే నెలలో సాక్చీలోని పాత ప్రభుత్వాసుపత్రి భవనంలో కొంత భాగం కూలి రోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి చోట పని మొదలుపెట్టే పిల్లకు భయం వేస్తే అది ఆమె మనసులో పుట్టిన రోగమని అనలేం కదా.

ఇప్పుడు వార్డులోకి వెళ్దాం. నర్సింగ్ మొదటి ఏడాది అమ్మాయి. బీపీ చూడమన్నారు. కఫ్ చుట్టింది, బల్బు నొక్కింది, గాలి వదిలింది. స్టెతస్కోప్‌లో ఏమీ వినపడలేదు. బహుశా చెవుల్లో పెట్టుకోవడమే తిరగేసి పెట్టుకుంది. మళ్లీ నొక్కింది. రోగి ముఖం చిట్లించాడు. పక్క బెడ్ అటెండెంట్ చూస్తున్నాడు. వెనకాల ఇంకా పన్నెండు మంది రోగులున్నారు, రౌండ్స్ టైమవుతోంది. మూడోసారి నొక్కే ధైర్యం లేదు. "వినపడలేదు" అని సిస్టర్‌తో చెప్పే ధైర్యం అసలే లేదు. కేస్ షీట్ తీసి 120/80 అని రాసేసింది. ఈ అంకె సంగతి నర్సింగ్ టీచర్లందరికీ తెలుసు. ఒక వార్డులో వరసగా ఆరుగురికి 120/80 కనపడిందంటే కొత్త బ్యాచ్ వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోవాల్సిన సంగతి కాదు. ఆ ఆరుగురిలో ఒకరికి బీపీ పడిపోతూ ఉండొచ్చు. భయం పిల్లను బాధపెట్టి ఊరుకోలేదు, రోగి రికార్డులో అబద్ధంగా మారి కూర్చుంది. వార్డు భయాన్ని తగ్గించమని అడగడం గారాబం కాదనీ, అది రోగి భద్రతకు సంబంధించిన సంగతనీ చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఈ భయం దేనివల్ల అన్నదాన్ని పరిశోధకులు రకరకాలుగా కొలిచారు. 1990లో అమెరికాలో క్లీహామర్, ఆమె సహచరులు నర్సింగ్ విద్యార్థులను అడిగితే కంగారు పుట్టించే సందర్భాల్లో రెండు పైన నిలిచాయి. కొత్త వార్డులో మొదటి అనుభవం ఒకటి, తప్పు చేస్తామేమోనన్న భయం రెండోది. తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన సర్వేలు కాస్త అటూఇటూగా ఇదే పాట పాడాయి. వైద్య విద్యార్థుల సంగతికొస్తే, 2019లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రపంచవ్యాప్తంగా 69 అధ్యయనాలను కలిపి చూసి, 33.8 శాతం మందిలో ఆందోళన లక్షణాలున్నట్టు లెక్కగట్టింది. మన దేశంలో నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదికలో, ఆన్‌లైన్ సర్వేకు జవాబిచ్చిన 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో 31.2 శాతం. ఇష్టపడి జవాబిచ్చినవాళ్ల లెక్క కాబట్టి దేశమంతా ఇంతేనని దీన్ని పట్టుకుని అనలేం. అయినా పీజీల అంకె ఎంబీబీఎస్ అంకెకు దాదాపు రెట్టింపు ఉండటం చూడండి. వార్డులో ఎక్కువ గంటలు ఉండేది వాళ్లే.

వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది అంకెలు తక్కువున్న ఒక పాత వ్యాసం. ఇసబెల్ మెన్జీస్ అనే మనోవిశ్లేషకురాలు 1960లో ప్రచురించింది. లండన్‌లో ఒక పెద్ద బోధనాసుపత్రి వాళ్లు విద్యార్థి నర్సులను వార్డులకు సర్దలేక సతమతమవుతూ సాయం అడిగారు. ఆమె వెళ్లి చూస్తే మూడోవంతు మంది చదువు మధ్యలోనే వెళ్లిపోతున్నారు. ఎందుకని తవ్వింది. రోగి బాధ, చావు, దుర్వాసన, కోపం ఇవన్నీ నర్సు మీద పడే బరువు. ఆ బరువు తగలకుండా ఉండేందుకు ఆసుపత్రి తనకు తెలియకుండానే కొన్ని అలవాట్లు పెంచుకుంది. పనిని ముక్కలు ముక్కలు చేసి, ఒక నర్సు ఇరవై మందికి ఒకే పని చేసేట్టు పంచడం. రోగిని పేరు పెట్టి పిలవకుండా పదో నంబరు బెడ్ లివర్ కేసు అనడం. చిన్న నిర్ణయాన్ని కూడా పైకి పైకి పంపి ఎవరి మీదా పడకుండా చూడటం. ఇవన్నీ ఆందోళన తగ్గించడానికి పుట్టినవే. తగ్గించాల్సింది పోయి పెంచాయి. ఒక మనిషికి సేవ చేసి అతను కోలుకోవడం చూసిన తృప్తే భయానికి అసలు విరుగుడు. ఆ అలవాట్లు దాన్నే దూరం చేశాయి.

మెన్జీస్ రాసినది చదివి మన వార్డుకు వెళితే ఒళ్లు జలదరిస్తుంది. ఒక పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టెంపరేచర్లే చూస్తుంది. మరో పిల్ల ఐవీ బాటిళ్లే మారుస్తుంది. "బెడ్ పద్నాలుగు" అంటే తెలుసు, పద్నాలుగో బెడ్ మీదున్న ముసలమ్మ పేరు తెలియదు. ఆమెకు ఎందుకు జ్వరమో, రేపు ఇంటికి పంపుతారో లేదో తెలియదు. రోజంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి, ఎవరికీ ఏమీ చెయ్యలేదన్న దిగులుతో హాస్టల్‌కు వెళుతుంది. బ్రిటన్‌లో తర్వాత ప్రాజెక్ట్ 2000 పేరుతో విద్యార్థి నర్సులను వార్డు సిబ్బంది లెక్కలోంచి తీసేసి, అదనపు మనుషులుగా, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లుగా చూడాలన్నారు. మన దగ్గర విద్యార్థి ఖాళీ పోస్టుకు పూరకం. సిబ్బంది కొరత ఉన్న చోట ఇది ఎవరో ఒక్కరి దుర్మార్గమని అనలేను. కానీ జీతం లేని చేతులు దొరికినంతకాలం జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునే తొందర ఏ యాజమాన్యానికీ ఉండదు.

కాస్త భయం ఉండాలండీ, అప్పుడే పని నేర్చుకుంటారు అనేవాళ్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. వర్క్‌షాపుల్లో బోర్డు మీద గంట ఆకారంలో ఒక గీత గీసి, ఇదుగో శాస్త్రం అంటారు. ఆ గీతకు మూలం 1908లో యెర్కిస్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకు కరెంటు షాకులిస్తూ చేసిన ప్రయోగం. వార్డులో సీనియర్ అరుపులకు దాన్ని సర్టిఫికెట్‌గా వాడుకోవడం ఆ ఎలుకలకు కూడా అన్యాయమే. జాగ్రత్త వేరు, వణుకు వేరు. మందు ఇచ్చే ముందు చీటీ రెండుసార్లు చదివించేది జాగ్రత్త. చదివినా అక్షరాలు కనపడకుండా చేసేది వణుకు.

ఉపాయాల్లో ముందు ధ్యానం, శ్వాస సాధనల సంగతి. కాలేజీలకు ఇవంటే మోజు ఎక్కువ, ఎందుకంటే హాలూ మైకూ ఉంటే చాలు. నర్సింగ్ విద్యార్థుల మీద ఇలాంటి అధ్యయనాలు గుట్టలుగా వచ్చాయి. చాలావాటిది ఒకటే తీరు. ఒక కాలేజీ, కొద్దిమంది విద్యార్థులు, ముందొక ప్రశ్నావళి, తర్వాత ఒకటి. మార్కులు కాస్త తగ్గాయి, కాబట్టి పనిచేసింది. ఆర్నెల్ల తర్వాత ఏమైందో చూసినవాళ్లు తక్కువ. వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్ల మీద మైండ్‌ఫుల్‌నెస్ ప్రయోగాలను 2021లో కోక్రేన్ సంస్థ వడపోస్తే, ఆ జల్లెడలో నిలిచినవి పది. ఆందోళన తగ్గుతుందని గట్టిగా చెప్పే ఆధారం వాటిలో దొరకలేదు. అంటే ప్రాణాయామం దండగ అని కాదు. సూది పట్టుకునే ముందు నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలితే చెయ్యి నిలకడగా ఉంటుంది, ఎవరైనా చేసి చూసుకోవచ్చు. కానీ పదమూడు గంటల డ్యూటీ వేసి, అందరి ముందూ తిట్టి, శనివారం సాయంత్రం యోగా క్లాసు పెట్టడం వెక్కిరింపు కిందికి వస్తుంది.

స్కిల్ ల్యాబ్‌ల సంగతి ఇంతకంటే ఆశాజనకం. అమెరికాలో నర్సింగ్ కౌన్సిళ్ల జాతీయ సంస్థ 10 కాలేజీల్లో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. వార్డు గంటల్లో సగం దాకా తీసి, ఆ సమయంలో నాణ్యమైన అనుకరణ సాధన చేయించినా విద్యార్థుల నైపుణ్యంలో తేడా కనపడలేదు. మన దగ్గర ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఫౌండేషన్ కోర్సు, మొదటి ఏడాదిలోనే రోగుల పరిచయం, మాట తీరూ నడవడికా నేర్పే ఏట్‌కామ్ పాఠాలు, స్కిల్ ల్యాబ్ అన్నీ చేర్చారు. బీఎస్సీ నర్సింగ్‌లో 2021 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చి, ల్యాబ్‌లో సాధనకు గంటలు కేటాయించారు. కాగితం మీద లోటు లేదు. మానెక్విన్ మీదున్న ప్లాస్టిక్ కవర్ ఇన్‌స్పెక్షన్ నాడు మాత్రమే విప్పే చోట్లు ఎన్నో, ఆ కోర్సులు చదివినవాళ్లనే అడగండి.

మానెక్విన్‌కు ఇంకో లోపం ఉంది. దానికి చుట్టాలుండరు. రబ్బరు చేతిలో క్యాన్యులా ఎక్కించడం వేరు, రక్తం తగ్గి నరాలు అణగిపోయిన పెద్దాయనకు ఎక్కించడం వేరు. నీలం రంగు ఇరవై రెండు గేజి క్యాన్యులా చేతిలో ఉంది. మొదటిసారి గుచ్చితే రక్తం కనపడలేదు. కొంచెం వెనక్కి తీసి కదిపితే చర్మం కింద ఉబ్బింది. పక్కనున్న కొడుకు "కిత్నీ బార్ ఛేదోగే?" (ఎన్నిసార్లు గుచ్చుతావు?) అని లేచాడు. ఆ క్షణంలో ఏం మాట్లాడాలో ఏ ల్యాబ్‌లోనూ చెప్పరు. "క్షమించండి, నరం దొరకలేదు, సీనియర్‌ను పిలుస్తాను" అన్న మూడు ముక్కలు హిందీలో ముందే నాలుక మీద ఉంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. రెండుసార్లు ప్రయత్నించి దొరక్కపోతే ఇంకొకరికి అప్పగించాలన్న నియమం వార్డులో ముందే ఉంటే ఇంకా మేలు. అప్పుడు పక్కకు తప్పుకోవడం ఓటమి అనిపించదు, నియమం పాటించినట్టు ఉంటుంది. దీనికి ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. ఒకరు రోగి, ఒకరు కోపంగా ఉన్న కొడుకు, ఒకరు నర్సు అయి హాస్టల్ గదిలో ఆడుకున్నా సరిపోతుంది.

భాష గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అధ్యయనాల్లో దీనికి దక్కిన చోటు తక్కువ, ఇక్కడి పిల్లలను కుదిపేది మాత్రం ఎక్కువ. ఈ ఊళ్లో పుట్టిన తెలుగు పిల్లలకు హిందీ నీళ్లప్రాయం. తెలుగు రాష్ట్రాల నుంచి ఇక్కడికి చదువుకు వచ్చే పిల్లలకు వచ్చిన పాఠ్యపుస్తకాల హిందీ, రోగి నోట అసలు మాట వినపడగానే చెదిరిపోతుంది. చాయ్‌బాసా పల్లె నుంచి వచ్చిన హో తల్లి ముందు ఇద్దరి పరిస్థితీ ఒకటే. కేస్ హిస్టరీ తీసుకోమంటే ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అన్న రెండు ప్రశ్నల దగ్గరే బండి ఆగుతుంది. ప్రొఫెసర్ అడిగేసరికి చేతిలో సగం ఖాళీ పేజీ. సిగ్గు. దీనికి మందు కనిపెట్టాల్సిన పనిలేదు. ముప్పై వాక్యాలు, సంతాలీలో, హోలో, బెంగాలీలో, స్థానిక వార్డు ఆయాల చేత చెప్పించి తెలుగు లిపిలోనో హిందీ లిపిలోనో రాసుకుని మొదటి వారంలోనే కంఠస్థం చేయిస్తే చాలు. నోరారా "జోహార్" అని పలకరించిన పిల్లను చూస్తే ఆ తల్లి ముఖం విప్పారుతుంది. భయం ఇద్దరిదీ తగ్గుతుంది. ఆయాలను గురువులుగా కూర్చోబెట్టడానికి కొందరు పెద్దలకు మనసొప్పకపోవచ్చు. అది వేరే రోగం.

సీనియర్ విద్యార్థిని తోడివ్వడం చవకైనదీ, నమ్మదగినదీ. 2004లో అమెరికాలో స్ప్రెంగల్, జాబ్ అనే ఇద్దరు టీచర్లు మొదటి ఏడాది నర్సింగ్ విద్యార్థులను రెండో ఏడాది వాళ్లకు అప్పగించి చూశారు. కంగారు తగ్గిందని రాశారు. అప్పటి నుంచి ఇలాంటివి చాలా వచ్చాయి, మొత్తం మీద మంచి మాటే చెప్తున్నాయి. కారణం ఊహించవచ్చు. తెలివితక్కువ ప్రశ్న అనిపించేది ప్రొఫెసర్‌ను అడగలేం, నిరుడే ఆ తిట్లు తిన్న అక్కను అడగొచ్చు. స్టెతస్కోప్ చెవుల్లో ఎటు పెట్టుకోవాలో ఆ అక్కే చెప్తుంది. మన దేశంలో దీనికి ఒక ముల్లుంది. సీనియర్, జూనియర్ అనగానే ర్యాగింగ్ గుర్తొస్తుంది. 2009లో యూజీసీ నిబంధనలొచ్చినా అది పూర్తిగా పోలేదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఒక పీజీ విద్యార్థిని మరణం, సీనియర్ వేధింపుల ఆరోపణలు తెలుగు ఇళ్లలో ఇంకా మరచిపోలేదు. కాబట్టి ఈ తోడును కాలేజీ స్వయంగా ఏర్పాటు చేయాలి, ఎవరు ఎవరికన్నది రాసి ఉండాలి, జూనియర్ కావాలంటే మనిషిని మార్చుకునే వీలుండాలి.

అన్నిటికంటే బరువైన ఆధారం నాకు కనపడేది ఇంకో చోట ఉంది. ఆస్ట్రేలియా, బ్రిటన్ విద్యార్థి నర్సుల మీద ట్రేసీ లెవెట్ జోన్స్, జూడిత్ లాత్లీన్ 2008లో వెలువరించిన పరిశోధన. నేను ఈ వార్డు మనిషిని, నన్ను వీళ్లు తమలో కలుపుకున్నారు అన్న భావన ఉన్న చోట పిల్లలు నేర్చుకున్నారు, లేని చోట దృష్టంతా ఎలా ఇమడాలన్నదాని మీదే పోయింది. ఇమడటం కోసం తప్పని తెలిసిన పనికీ నోరు మూసుకున్నవాళ్లున్నారు. అడిలైడ్‌లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1990ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి కూడా ఈ దారిదే. ఒక వార్డు మొత్తాన్ని బోధనకు కేటాయించి, అక్కడి నర్సులనే గురువులుగా తయారుచేసి, విద్యార్థులను వారం వారం ఊరంతా తిప్పకుండా ఒకే చోట ఉంచడం. మన దగ్గర రెండు వారాలకో వార్డు. పేరు తెలిసేలోపు పోస్టింగ్ మారుతుంది. ప్రతి రెండు వారాలకూ మొదటి రోజే. క్లీహామర్ సర్వేలో పైన నిలిచిన భయం మొదటి రోజుది అని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

పేరు పెట్టి పిలవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స చెక్‌లిస్టులో, కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలన్న నియమం ఉంది. పేరు చెప్పి నోరు విప్పినవాడు తర్వాత ఏదైనా తేడా కనపడితే చెప్పడానికి వెనకాడడని. సర్జన్లకే అది అవసరమైతే, మూలన నిలబడ్డ పంతొమ్మిదేళ్ల పిల్లకు అక్కర్లేదా? "ఏయ్ స్టూడెంట్" అని పిలిపించుకున్న పిల్ల "సార్, ఈ ఇంజెక్షన్ వేరే బెడ్‌ది" అనగలదా?

ఇక తిట్ల సంగతి. రోగుల ముందు, చుట్టాల ముందు, తోటివాళ్ల ముందు కేస్ షీట్ విసిరేసి "నువ్వు ఎందుకొచ్చావు ఈ చదువుకు" అనడం బోధన అని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మేమూ అలాగే నేర్చుకున్నాం అంటారు. నిజమే, నేర్చుకున్నారు. తిట్ల వల్లనా, తిట్లను దాటుకునా అన్నది ఎవరూ తేల్చలేదు. తేలినది వేరొకటి ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంది. లెక్క తిరగబడింది, మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే అవి ఎక్కువ చేయలేదు, ఎక్కువ చెప్పుకున్నాయి. చెప్పినా తలకాయ పోదన్న ధైర్యం అక్కడుంది. ఇది కర్మాగారాలకు కొత్త పాఠం కాదు. ప్రమాదం తృటిలో తప్పితే రాసి ఇవ్వమని కార్మికుణ్ణి అడగడం భద్రతలో మొదటి మెట్టు. మన వార్డులో తృటిలో తప్పినది చెప్పుకున్న విద్యార్థికి దొరికేది మెమో. కాబట్టే 120/80.

కొన్ని భయాలకు తెలివిడే మందు. సూది పొరపాటున గుచ్చుకుంటే ఇక బతుకు అయిపోయిందని రాత్రంతా ఏడ్చే పిల్లలుంటారు. హెచ్‌ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం సుమారు 0.3 శాతం. వెంటనే, వీలైతే రెండు గంటల్లోపు, ఆలస్యమైనా 72 గంటలు దాటకుండా మందులు మొదలుపెడితే అదీ బాగా తగ్గుతుంది. హెపటైటిస్ బి దానికంటే చాలా సులువుగా అంటుకుంటుంది, కానీ దానికి టీకా ఉంది. మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతుంది. అంటే అడ్మిషన్ నాడే మొదటి డోసు వేయాలి, వార్డుకు పంపే ముందురోజు కాదు. గుచ్చుకున్న చోటును సబ్బూ నీళ్లతో కడగాలి, పిండకూడదు, దాచకూడదు, ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యాలి. ఇది పది నిమిషాల పాఠం. ఈ పాఠం విన్న పిల్ల భయపడదని అనను, ఏం చెయ్యాలో తెలిసి భయపడుతుంది.

మొదటి చావు గురించి అంత సులువైన మాట లేదు. పొద్దున్న పళ్లు తోమించిన మనిషి మధ్యాహ్నానికి తెల్లదుప్పటి కింద ఉంటాడు. పిల్లను వెంటనే ఇంకో బెడ్‌కు పంపిస్తారు. ఆ పూట ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరిగింది, ఏం చేశాం, ఇంకేమైనా చేయగలిగేవాళ్లమా అని పావుగంట మాట్లాడితే చాలు. పెద్ద డాక్టరే "నాకూ మొదటిసారి నిద్రపట్టలేదు" అంటే ఇక ఏ కౌన్సెలరూ అంత పని చేయలేడు. కాలిన గాయాల వార్డుకు మొదటి పోస్టింగ్‌లోనే పంపడం మానుకోవాలని మాత్రం గట్టిగా అంటాను.

రాత్రి డ్యూటీ భయం వేరే జాతిది, దానికి మనోవైద్యం అక్కర్లేదు. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మీద జరిగిన ఘోరం తర్వాత దేశమంతటా ఆడపిల్లల తల్లిదండ్రులు ఒకే ప్రశ్న అడిగారు. రాత్రి మా అమ్మాయి ఎక్కడ నడుం వాలుస్తుంది? గొళ్లెం పడే గది, వెలుతురున్న దారి, హాస్టల్‌కు బండి. ఇవి లేకుండా ధైర్యంగా ఉండమని చెప్పడం బాధ్యత తప్పించుకోవడం.

అమ్మానాన్నలకూ ఒక మాట. రాత్రి ఫోన్‌లో ఏడిస్తే "ఇంత ఫీజు కట్టాం, సర్దుకో తల్లీ" అనకండి. "ఇవాళ ఎవరినైనా అడగగలిగావా? ఎవరు చెప్పారు?" అని అడగండి. ఒక్క మనిషి పేరైనా చెప్పగలిగితే కుదురుకుంటోందని లెక్క. రెండు మూడు వారాలు గడిచాక కూడా తిండి సయించకపోయినా, నిద్ర లేకపోయినా, డ్యూటీ పేరెత్తితే వాంతి వచ్చినా, చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి వచ్చినా అది కొత్త గుబులు కాదు, వైద్యం కావాల్సిన జబ్బు. 2016లో వైద్య విద్యార్థుల కుంగుబాటు మీద వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, లక్షణాలున్నవాళ్లలో వైద్య సాయం తీసుకున్నది 15.7 శాతమే అని తేలింది. వైద్యం చదివేవాళ్లే వైద్యుడి దగ్గరకు పోవడానికి సిగ్గుపడుతున్నారు. టెలి మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడొచ్చు.

చివరిగా వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లకూ, యూనిట్ పెద్దలకూ ఒక విన్నపం. రాబోయే బ్యాచ్ వచ్చే ముందు రోజు ఒక కాగితం మీద ఇవి రాసి నర్సింగ్ స్టేషన్ గోడకు అంటించండి. ఈ వార్డులో మొదటి వారం మీ ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎవరు, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకెవరు. మీ అంతట మీరు చేయకూడని పనులేవి. బీపీ వినపడకపోతే, నరం దొరక్కపోతే, సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టుకోవాలి. కాగితం కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి. వచ్చిన పిల్లల పేర్లు అడిగి, ఆ పక్కనే రాయండి.